చేపల తొట్టిలో గూళ్ళు: ఇంట్లో తయారీ, ముందుగా జరపవలసిన పరీక్షలు

దిగుడు బావిలో చేపలను చూసి ఎరిగినవారికి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. బొక్కెన నీటికి తగిలిన చప్పుడు కాగానే అవి రాతికట్టు సందుల్లోకి, అడుగున పేరుకున్న ఆకుల కిందికి జారుకుంటాయి. చెరువులో కొర్రమీను కలుపు మొక్కల నీడను, జెల్ల జాతి చేపలు గట్టు బొరియలను ఆశ్రయించుకొని ఉంటాయి. నీరు, గాలి, మేత తరువాత చేపకు కావలసినది చాటు. గాజు తొట్టిలో చేరిన చేపకు కరువయ్యేది అదే. నాలుగు వైపులా వెలుతురు, నాలుగు వైపులా మనుషుల కదలిక, పిల్లల వేళ్ళ తాకిడి. పారిపోదామంటే చోటు లేదు.

చాటు లేని చేప ఎప్పుడూ బెదురులోనే ఉంటుంది. ఆ ఒత్తిడి కొనసాగినప్పుడు దాని శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి, రోగాలను తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. ఒంటిమీద ఉప్పు చల్లినట్టు కనిపించే తెల్లచుక్కల వ్యాధి కొత్తగా కొని తెచ్చిన చేపలలో తరచు కనిపించడానికి ప్రయాణపు బడలికతో పాటు ఇదీ ఒక కారణం. రంగు వెలవడం, మూలన నిలబడిపోవడం, మేతకు రాకపోవడం మొదటి గుర్తులు. గూడు పెడితే చేప కనిపించకుండా పోతుందని చాలామంది సంకోచిస్తారు. జరిగేది అందుకు విరుద్ధం. దగ్గరలో చాటు ఉందన్న ధీమా కలిగిన చేపలే ధైర్యంగా బయట తిరుగుతాయి.

అంగళ్ళలో అమ్మే రంగురంగుల కోటలు, ఓడలు, పుర్రెల బొమ్మలు ఈ అవసరాన్ని కొంతవరకే తీరుస్తాయి. పెరట్లో పడి ఉన్న కుండ పెంకు, వంటింట్లో మిగిలిన చిప్ప, వాగులోని గుండ్రాయి వాటికన్నా మేలైన గూళ్ళు కాగలవు. అయితే చేతికి దొరికినదల్లా నీటిలో ఊరకుండదు. ఒకటి సున్నం వదులుతుంది, ఒకటి రంగు వదులుతుంది, ఒకటి కుళ్ళుతుంది, ఒకటి రెక్క చింపుతుంది. పరీక్షించకుండా పెట్టిన గూడు కంటే గూడు లేకపోవడమే నయం. సరిహద్దు జిల్లాల ఇళ్ళలో సులభంగా దొరికే వస్తువుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. కారణం రాళ్ళతోనే మొదలవుతుంది.

రాయి: ఏ ఊరి రాయి ఎటువంటిది

ఇళ్ళలో నేలకు, అరలకు వాడే బండల ముక్కలు నున్నగా, పలకలుగా ఉండి, రెండు రాళ్ళ మీద అడ్డంగా పెడితే చక్కని గుహ అవుతాయి. కనుకనే అందరి చూపు ముందుగా వాటి మీద పడుతుంది. కాని నల్లని కడప రాయి, బేతంచెర్ల బండ, తాండూరు బండ, కలబురగి వైపునుంచి వచ్చే షాబాదు బండ ఇవన్నీ సున్నపు రాతి జాతివి. చంద్రపూర్ ప్రాంతపు సున్నపు రాయి సిమెంటు కర్మాగారాలకు పోయేది. ఇటువంటి రాయి నీటిలో కొద్దికొద్దిగా కరిగి నీటి కాఠిన్యాన్ని, క్షార గుణాన్ని పెంచుతుంది.

కృష్ణగిరి, హోసూరు, కుప్పం పరిసరాల గ్రానైటు, శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు నీలి గ్రానైటు, నాందేడ్ ప్రాంతపు నల్లరాయి అయిన బసాల్టు నీటిలో దాదాపు ఏమీ వదలవు. ఏళ్ళ తరబడి ప్రవాహంలో దొర్లి నునుపెక్కిన గుండ్రాళ్ళలో గట్టి జాతులే ఎక్కువగా మిగులుతాయి గనుక నది రాళ్ళు మంచివే, కాని వాటిలోనూ సున్నపు రాళ్ళు కలిసి ఉంటాయి. రంగు చూసి తేల్చడం కుదరదు. కడప రాయీ నలుపే, బసాల్టూ నలుపే.

కొన్నింటిని పరీక్ష కూడా అక్కరలేకుండా వదిలివేయాలి. సండూరు, హొసపేట వైపు రోడ్ల పక్కన దొరికే బరువైన ఎర్రని, నల్లని రాళ్ళు ఇనుము, మాంగనీసు ఖనిజాలు. వాటితో ఇంకే లోహాలు కలిసి ఉన్నాయో ఇంట్లో తేల్చే మార్గం లేదు. పచ్చ, నీలి చారలున్న రాళ్ళలో రాగి ఉండవచ్చు. ఇత్తడిలా మెరిసే పలుకులు గంధక ఖనిజాలు కావచ్చు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినా, ధాతువును సైనైడుతో శుద్ధి చేయగా మిగిలిన ఇసుక దిబ్బలు అక్కడ నిలిచే ఉన్నాయి. ఆ ఇసుక గాని, దిబ్బల పక్కని రాళ్ళు గాని తొట్టి దరిదాపులకు రాకూడదు. కొరాపుట్ వైపు ఎర్ర లేటరైటు రాయి గుల్లగా ఉండి పొడి రాలుతుంది, దానివల్ల నీరు మడ్డిగా మారుతుంది.

సున్నపు రాతిని పట్టే పరీక్ష సులభమైనది. రాయిని కడిగి పూర్తిగా ఆరబెట్టి, మేకుతో ఒకచోట గీరి కొంచెం పొడి రేగేలా చేయాలి. ఆ గీత మీద నాలుగైదు చుక్కల తెల్ల వెనిగర్ వేసి చూడాలి. నిమ్మరసమైనా పనిచేస్తుంది. బుడగలు పొంగితే సున్నం ఉన్నట్టే. కళ్ళకు స్పష్టంగా కనిపించకపోతే చెవి దగ్గర పెట్టుకుంటే సన్నని చిటపట వినిపిస్తుంది. డోలమైటు కలిసిన రాయి వెంటనే స్పందించదు కనుక గీరిన పొడి మీదే చుక్క పడేలా చూడడం ముఖ్యం. స్నానాల గది శుభ్రం చేసే ఆసిడ్ ఈ పనిని త్వరగా చేస్తుందని కొందరు వాడుతుంటారు. ఆ ఆసిడ్ కళ్ళకు, చర్మానికి ప్రమాదకరం, పిల్లలున్న ఇంట ఈ పనికి దానిని బయటికి తీయకపోవడమే మంచిది. ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పుకోవాలి. ఆసిడ్ గాని వెనిగర్ గాని తగిలిన రాయిని కడగకుండా బ్లీచింగ్ నీటిలో వేస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

రెండో పరీక్షకు ఒక వారం పడుతుంది. రెండు ప్లాస్టిక్ బకెట్లలో ఒకే నీటిని పోసి, ఒకదానిలో రాయి వేసి, రెండింటికీ మూత పెట్టాలి. ఏడు రోజుల తరువాత రెండు బకెట్ల నీటినీ టి.డి.ఎస్. మీటరుతో కొలవాలి. తాగునీటి ఫిల్టర్లు బాగుచేసేవారి వద్ద ఈ మీటరు ఉంటుంది. రాయి ఉన్న బకెట్‌లో అంకె బాగా ఎక్కువగా వస్తే ఆ రాయి ఏదో వదులుతున్నది. కుండ పెంకుకు, సిమెంటు ముక్కకు, తెలియని ఏ వస్తువుకైనా ఈ పరీక్ష వర్తిస్తుంది. అయితే అతి స్వల్పంగా వెలువడే విష లోహాలను ఈ మీటరు పట్టి ఇవ్వలేదు.

బుడగలు వచ్చిన రాయి ప్రతి తొట్టికీ పనికిరానిదేనా అంటే, కాదు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ చేపలు కఠిన జలంలో హాయిగా ఉంటాయి. ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు పుట్టింది క్షార గుణం గల నీటిలోనే, వాటికి సున్నపు రాతి గుహలు అనుకూలం. అమెజాన్ ప్రాంతపు మృదు జలాలనుంచి వచ్చిన టెట్రాలకు, డిస్కస్‌కు అది పడదు. తరాల తరబడి తొట్టెల్లో పెంచిన ఏంజెల్ చేప కొంత ఓర్చుకుంటుంది గాని, గుడ్లు పొదిగే వేళ కాఠిన్యం అడ్డు వస్తుంది. ఇంటి నీరు ఏమిటన్నదీ లెక్కలోకి వస్తుంది. తాగునీటి కాఠిన్యానికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 లీటరుకు 200 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టి, వేరే నీరు లేనిచోట 600 వరకు అనుమతించింది. ఇప్పటికే కఠినంగా ఉన్న బోరు నీటిలో సున్నపు రాయి అంతగా కరగదు. వాన నీటిలోను, ఆర్.ఓ. నీటిలోను ఎక్కువగా కరుగుతుంది. చేపల కోసం శ్రమపడి మెత్తని నీరు తెచ్చి పోసేవారే కడప రాతి ముక్క విషయంలో ఎక్కువ జాగ్రత్త పడవలసి రావడం విచిత్రమే.

ఎన్నుకున్న రాతిని గట్టి బ్రష్షుతో వట్టి నీటిలో తోమి, పైన మరిగే నీరు పోసి చల్లార్చాలి. సబ్బు, బట్టల సోడా, ఫినాయిలు వాడరాదు. రాతిని నిప్పుల మీద, పొయ్యిలో కాల్చడం మరీ ప్రమాదం. లోపల చిక్కిన తేమ ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగసిపడతాయి. గ్రానైటు పరిశ్రమల వద్ద తెచ్చిన ముక్కలకు కోత యంత్రపు బురద పట్టి ఉంటుంది, పూర్తిగా కడిగి, అంచులు అరగదీయాలి.

రాళ్ళను పేర్చేటప్పుడు ఇసుక మీద పెట్టకూడదు. కొన్ని చేపలు ఇసుకను తవ్వుతాయి, అడుగు జారిన రాయి చేప మీదనో గాజు మీదనో పడుతుంది. ముందు తొట్టి అడుగున పలుచని థర్మకోల్ గాని ప్లాస్టిక్ జాలి గాని పరచి, దాని మీద పెద్ద రాళ్ళను కదలకుండా కూర్చి, ఆ తరువాతనే ఇసుక పోయాలి. బరువూ తక్కువేమీ కాదు. గ్రానైటు లీటరు పరిమాణానికి సుమారు 2.7 కిలోలు తూగుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో 54 లీటర్లు పడతాయనుకుంటే, 20 కిలోల రాయి అందులో 7 లీటర్లకు పైగా నీటి చోటును ఆక్రమిస్తుంది. అంతమేరకు చేపల సంఖ్యనూ తగ్గించుకోవాలి.

కుండ, పెంకు

ఇంటి గూళ్ళలో మొదటి స్థానం కాల్చిన మట్టిదే. నీటి గుణాన్ని మార్చదు, దాని గరుకు గోడల మీద నీటిని శుద్ధి చేసే సూక్ష్మజీవులు నిలుస్తాయి, అవసరమైతే పగలగొట్టవచ్చు. ఈ చివరి సుగుణం ఎంత విలువైనదో చేప ఇరుక్కున్ననాడు తెలుస్తుంది. పాత ఇళ్ళ కప్పుకు వాడిన గూనపెంకు ఏ కోతా లేకుండానే, బోర్లించగానే రెండు ద్వారాల గుహ. పూలకుండీని పక్కకు పడుకోబెట్టి సగం ఇసుకలో పూడ్చినా చాలు.

బాగా కాలిన మట్టిని వేలి కణుపుతో కొడితే ఖంగుమంటుంది. సరిగా కాలనిది బొద్దుగా పలుకుతుంది, మూడు రోజులు నీటిలో నానబెడితే అంచులు మెత్తబడి బురద వదులుతుంది. అటువంటిది పనికిరాదు. ఎనామిల్, వెండి రంగు పూసిన అలంకరణ కుండలు, నూనె పీల్చుకున్న పాత ప్రమిదలు, ఎరువులో పురుగుమందులో పడిన కుండీలు వాడరాదు. పింగాణి పూత గల పాత జాడీల పూతలో సీసం ఉండే అవకాశం ఉంది గనుక వాటినీ మినహాయించాలి. కప్పునుంచి దించిన పెంకుకు గబ్బిలాల రెట్ట, పొగమసి, తెల్లసున్నం పట్టి ఉంటాయి. చన్నీటిలో వేసి పొయ్యి మీద నెమ్మదిగా మరిగించి, రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఎండలో ఆరబెడితే సరిపోతుంది. వేడి పెంకును చన్నీటిలో ముంచితే పగులుతుంది. గుల్ల స్వభావం గల మట్టిలో బ్లీచింగ్ ఇంకిపోయి తరువాత బయటికి వస్తుంది కాబట్టి దానిని కుండకు, చిప్పకు, కర్రకు వాడకూడదు. నునుపైన రాతికి, గొట్టానికి వాడినా వాసన పూర్తిగా పోయేవరకు కడిగి, ఎండబెట్టాలి.

కుండకు ద్వారం చేయాలంటే రాత్రంతా నీటిలో నానబెట్టి, తడిగా ఉండగానే హాక్సా బ్లేడుతో కోయాలి. నానిన మట్టి మెత్తగా కోసుకుంటుంది, దుమ్ము రేగదు. ఇది పెద్దల పని. కోసిన అంచును నీటిలో ముంచి గరుకు రాతి మీద రుద్దితే నునుపెక్కుతుంది. నునుపు చాలిందో లేదో తెలుసుకోవడానికి పాత నైలాను చీర కొంగును అంచుల మీదుగా, లోపలి గోడల మీదుగా మెల్లగా లాగి చూడాలి. పోగు ఎక్కడ తగులుకుంటే అక్కడ ఫైటర్ రెక్క కూడా చిరుగుతుంది. ప్రతి గూటికీ, అంగట్లో కొన్నదానికి సైతం, ఈ కొంగు పరీక్ష జరపడం ఉత్తమం.

పూలకుండీ అడుగు చిల్లు చిన్నదిగా కనిపించినా చేపలకు ఉరిగా మారుతుంది. తల దూర్చిన చేప మొప్పల దగ్గర బిగుసుకుపోయి వెనక్కి రాలేదు. ఆ చిల్లును గులకరాయితో, సిలికాన్‌తో మూసివేయాలి, లేదా ఇసుకలో పూడిపోయేలా అమర్చాలి. కుండను పూర్తిగా బోర్లించేటప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. పైన గాలి చిక్కుకొని కుండ ఒరుగుతుంది, లోపలి నీరు కదలదు. ముందు పక్కకు వంచి గాలి అంతా పోనిచ్చి, తరువాత నిలబెట్టాలి.

చిప్ప, కర్ర, ఆకు

హోసూరు, బళ్ళారి వైపు టెంకాయ చిప్ప అన్నా, యానాం, బరంపురం వైపు కొబ్బరి చిప్ప అన్నా గూడు ఒకటే. పచ్చడికి కోరిన చిప్పకు కొబ్బరి అంటుకొని ఉంటే రెండు రోజుల్లో నీటి మీద నూనె తెట్టు కడుతుంది, తరువాత నీరు కుళ్ళు వాసన వేస్తుంది. లోపల తెల్లదనం ఏమాత్రం మిగలకుండా గీకి, పైపీచు తీసివేసి, ఇరవై నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు నీరు మార్చి మరిగించాలి. మరిగిన నీరు మొదట చిక్కని డికాక్షన్‌లా, చివరకు పలుచని టీలా వస్తుంది. ఆ రంగు టానిన్లది. కొద్దిగా మిగిలినా చేపకు హాని లేదు, ఫైటర్‌కు, టెట్రాలకు మేలే. మొదట తేలినా కొన్నాళ్ళు నానితే మునుగుతుంది. చిప్ప శాశ్వతం కాదు. కొన్ని నెలలకు గోరుతో నొక్కితే మెత్తగా తగులుతుంది, అప్పుడు తీసి కొత్తది పెట్టాలి.

కర్రల విషయంలో చేను గట్టున కనిపించే వాటిలో ఏది తేవాలన్నదాని కంటే ఏది తేకూడదో ముందు తెలియాలి. జెముడు పాలు చేపలకు విషం. మడుగుల్లో చేపలను మత్తెక్కించి పట్టడానికి ఆ పాలను కలపడం పల్లెల్లో ఎరిగినదే. గన్నేరు మొక్కలో ప్రతి భాగమూ విషమే. పాలు కారే చెట్ల కర్ర, జిగురు కారే కర్ర, పచ్చి కర్ర, పురుగుమందు కొట్టిన తోటల కర్ర, వార్నిషు వేసిన పాత సామాను ముక్కలు వదలివేయాలి. వాగులో ఏళ్ళ తరబడి నాని, బెరడు ఊడి, లోపల గట్టిగా మిగిలిన వేరు ముక్క అన్నిటికన్నా మంచిది. చిప్పలాగే దానినీ మరిగించాలి. కొత్తలో కర్ర మీద తెల్లని జిగట పొర కడుతుంది. చేపలకు అది అపకారం చేయదు, రుద్ది కడిగితే కొన్ని వారాలకు ఆగిపోతుంది.

అన్నిటికన్నా తక్కువ శ్రమతో దొరికే చాటు ఎండిన బాదం ఆకు. బడి ఆవరణల్లో, వీధుల్లో గొడుగులా పెరిగే ఆ చెట్టు ఆకు, చెట్టుమీదే పండి రాలి గోధుమ రంగుకు తిరిగినది కావాలి. కడిగి వేస్తే ఒకటి రెండు రోజుల్లో మునిగి, చిన్న చేపలకు, రొయ్య పిల్లలకు కప్పులా నిలుస్తుంది. జల్లెడలా మారినప్పుడు తీసివేయాలి. రోడ్డు పక్క దుమ్ము, పొగ పట్టిన ఆకులు, దోమల మందు కొట్టిన చోటి ఆకులు వద్దు.

గప్పీ ఈనిన పిల్లలను తల్లే తింటుంది. ఆ పిల్లలకు గుహలు పనికిరావు, పెద్ద చేప దూరలేని దట్టమైన చాటు కావాలి. చెరువులోని నాచు ఇందుకు బాగున్నా దానితో పాటు జలగలు, తూనీగ పిల్లపురుగులు వస్తాయి. తూనీగ పిల్లపురుగు చేప పిల్లలను వేటాడుతుంది. నాచును కొన్ని రోజులు వేరే బకెట్‌లో ఉంచి, పలుమార్లు జాడించి చూసిన తరువాతనే వేయాలి. దానికి బదులు రంగు దిగని నైలాను ఊలు దారాలను జానెడు పొడవున కత్తిరించి, నడుమ కట్టి, కుచ్చులా వేలాడదీయవచ్చు. ముందు వేడినీటిలో వేసి రంగు దిగుతుందేమో చూడాలి.

గొట్టాలు

జెల్ల జాతి చేపలకు, సకర్ చేపలకు, పడమటి కనుమల నదుల్లో పుట్టి మహారాష్ట్ర, కర్ణాటకలలో కనిపించే చారల లోచ్ చేపకు గొట్టం వంటి గూడంటే ఇష్టం. తాగునీటి సరఫరాకు వాడే కొత్త పి.వి.సి. గొట్టం ముక్క ఇందుకు సరిపోతుంది. పాత బోరు గొట్టాల ముక్కలు, కరెంటు తీగలకు వాడినవి, మురుగు గొట్టాలు వద్దు. పి.వి.సి. తయారీలో సీసపు సమ్మేళనాలు కలపడం చాలాకాలం సాగింది. గొట్టాలలో దానిని నియంత్రిస్తూ కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధనలు తెచ్చింది. కోసిన అంచులను లోపలా బయటా గరుకు కాగితంతో నునుపు చేసి, అతుకు జిగురు అంటినచోట కోసివేసి, ముద్రించిన అక్షరాలను రుద్ది తీసివేసి వాడాలి. రెండు వైపులా తెరిచి ఉంచాలి. ఒక వైపు మూసిన గొట్టంలో మేత తునకలు చేరి కుళ్ళుతాయి.

పెట్టకూడనివి

సముద్రపు గవ్వలు, శంఖులు గోపాల్‌పూర్ తీరంలోనో యానాం దగ్గరి ఇసుక తిన్నెల్లోనో ఏరితెచ్చినవి చాలా ఇళ్ళలో ఉంటాయి. అవీ సున్నమే, పైగా మెలికల లోపల ఎండిన మాంసం మిగిలి ఉండి కుళ్ళుతుంది. పగడపు దిబ్బల ముక్కలు మరీ వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకు రక్షణ కల్పించింది, వాటి సేకరణ శిక్షార్హం.

రాగి, ఇత్తడి, సత్తు వస్తువులు, నాణేలు తొట్టిలో ఉండరాదు. రాగి అతి కొద్దిగా కరిగినా రొయ్యలు, నత్తలు ముందు చస్తాయి, తరువాత చేపలు. రంగు వేసిన పిల్లల బొమ్మలు, సగానికి కోసిన ప్లాస్టిక్ సీసాలు, గాజు ముక్కలు కూడా ఈ కోవలోనివే. తాజా సిమెంటుతో చేసిన గుహ చూడముచ్చటగా ఉంటుంది గాని అది వదిలే సున్నం వల్ల పి.హెచ్. ప్రమాదకర స్థాయికి ఎగబాకుతుంది. కొత్త సిమెంటు తొట్టిలో అరటి బోదె ముక్కలు వేసి, నీళ్ళు నింపుతూ వదిలేస్తూ వారాల తరబడి పదును చేయడం చేపల పెంపకందారులకు అలవాటే. చిన్న గుహకైనా అంత ఓపికా కావాలి, చివర పి.హెచ్. పరీక్షా కావాలి. కుండలూ పెంకులూ దొరికే ఊళ్ళో ఈ యాతన అనవసరం.

అతికించక తప్పని చోట గాజు తొట్టి అతుకులకు వాడే స్వచ్ఛమైన సిలికాన్ ఒక్కటే వాడాలి. ఆరేటప్పుడు అది వెనిగర్ వాసన వేస్తుంది. స్నానాల గదుల కోసం బూజు పట్టకుండా మందు కలిపి అమ్మే సిలికాన్ చేపలను చంపుతుంది, గొట్టం మీది రాతలు చదివి కొనాలి. పలుచని అతుకుకు ఒక రోజు, మందపాటి అతుకుకు మూడు రోజులు ఆరనిచ్చి, వాసన బొత్తిగా పోయిన తరువాతనే నీటిలో దించాలి.

ఏ చేపకు ఎంత గూడు

ద్వారం చేప ఒంటి ఎత్తుకు, వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, లోపల వెనక్కి తిరిగే చోటుండాలి. చేప పెరుగుతుంది, గూడు పెరగదు. ఇరుకుతున్నదని తోచగానే మార్చాలి. లోపలికి పోనుపోను సన్నబడే గరాటు ఆకారం పనికిరాదు. జెల్ల జాతి చేపలు, సకర్ చేపలు బెదిరినప్పుడు పక్క రెక్కల ముళ్ళను విప్పి బిగిస్తాయి. అటువంటి చేప ఇరుక్కుంటే తోక పట్టి లాగకూడదు, ముళ్ళు విరుగుతాయి. గూటితో సహా నీటి గిన్నెలోకి తీసి, కుండనైతే పగలగొట్టాలి, గొట్టాన్నైతే దూరంగా ఉన్న వైపునుంచి కోసుకుంటూ రావాలి.

ఫైటర్ నీటి పైకి వచ్చి గాలి పీల్చే చేప. లోపలికి దూరి బయటికి రాలేకపోతే నీటిలోనే ఊపిరాడక చస్తుంది. దానికి లోతైన గుహ కంటే నీటి పైభాగాన వెడల్పాటి ఆకు, అడుగున నునుపైన చిప్ప చాలు. గోల్డ్ ఫిష్‌కు గుహ అవసరం తక్కువ, ఉబ్బు కళ్ళ జాతులుంటే మొనదేలిన రాయి ఏదీ పెట్టకూడదు. ఏంజెల్ నిలువుగా ఉండే చేప, దానికి నిలబెట్టిన పలక రాళ్ళ నడుమ నీడ కావాలి. టైగర్ షార్క్ పేరుతో వేలెడంత ఉండగా అమ్మే చేప ఆంధ్ర చెరువుల్లో ఫంగస్ పేరుతో పెంచే పంగాసియస్ జాతిది. బెదిరితే గుడ్డిగా దూసుకుపోయి ముక్కు పగలగొట్టుకుంటుంది. దానికి ఏ గూడూ సరిపోదు, ఇంటి తొట్టే సరిపోదు.

సరిహద్దు గీసుకొని పోట్లాడే సిక్లిడ్ చేపలు ఉన్న తొట్టిలో చేపల సంఖ్య కంటే గూళ్ళ సంఖ్య ఎక్కువగా ఉండాలి. ఒక్కటే గుహ పెడితే బలమైనది దానిని ఆక్రమించి మిగతావాటిని రోజంతా తరుముతుంది. ఒక గూటి వాకిలి మరొక గూటికి కనిపించకుండా అమర్చాలి. ప్రతి గూటికీ రెండు దారులుంటే తరిమే చేప లోపలికి వచ్చినా రెండోది తప్పించుకోగలుగుతుంది. కొత్త చేపను వదిలే రోజున రాళ్ళన్నీ స్థానాలు మార్చితే పాత చేపల హద్దులు చెదిరి, కొత్తది బతికి బట్టకడుతుంది.

తొట్టిలో పెట్టాక

తొట్టిలో చేయి పెట్టేముందు హీటరు, మోటారు, లైటు ప్లగ్గులన్నీ తీసివేయాలి. గూడును హీటరుకు తగిలేలా పెట్టరాదు. మోటారు నీటి పోటు నేరుగా వాకిట్లో కొట్టకుండా, అలాగని లోపల నీరు నిలిచిపోకుండా చూడాలి. నీరు మార్చే రోజున గూడు ఎత్తి కింది మడ్డిని గొట్టంతో లాగివేయాలి. గూటిని కడగవలసి వస్తే తొట్టినుంచి తీసిన నీటిలోనే కడిగితే దాని మీది మంచి సూక్ష్మజీవులు మిగులుతాయి.

కొత్త గూడు పెట్టిన మొదటి వారం రోజూ మేతవేళ చేపలను లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే గూళ్ళు ఎత్తి చూడవలసిందే. చాటున చచ్చిన చేప ఒక్క రాత్రిలో అమ్మోనియాను పెంచి మిగతావాటిని తీసుకుపోగలదు. చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్ళు తెరుస్తుంటే, మొప్పలు వేగంగా ఆడుతుంటే, గూడు తీసివేసి, అదే వేడి గల క్లోరిన్ లేని నీటితో మూడో వంతు నీరు మార్చి, గాలి మోటారు ఆడించాలి. తీసిన గూటిని పారవేయకుండా బకెట్ పరీక్షకు పెడితే తప్పు దానిదో కాదో వారంలో తేలుతుంది.

సకర్ చేప వంటివి అడుగు దాటి పెరిగి ఏ గూటిలోనూ పట్టని రోజు వస్తుంది. అప్పుడు వాటిని ఊరి చెరువులోనో కాలువలోనో వదలడం తగదు. దక్షిణ అమెరికానుంచి వచ్చిన ఆ చేప ఇక్కడి నదుల్లో ఇప్పటికే విస్తరించింది, దాని ముళ్ళ ఒంటికి వలలు చిరుగుతున్నాయి. చేపలు కొన్న దుకాణదారుకు తిరిగి ఇవ్వడమో, పెద్ద తొట్టి ఉన్నవారికి అప్పగించడమో చేయాలి.